తమలపాకు బరఫ్

మా అత్తమ్మ చెంప లోపలి పుండు మామూలు పుండు కాదని డాక్టర్లు చెప్పిన రోజు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. పెళ్లై ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి మొత్తుకుంటూనే ఉన్నాను, ఆకు వేసుకుంటే వేసుకోండి గానీ ఆ పొగాకు జర్దా మానండి అని. ఆమె నవ్వి, చూపుడు వేలితో ఆకుకు సున్నం రాస్తూ, గవన్నీ నీ బడి పిల్లలకు చెప్పుకో పో అనేది. నేను నాంపల్లిలో ఒక చిన్న బడిలో తెలుగు పాఠాలు చెప్తాను. నా గొంతు లేస్తే పక్క తరగతి కూడా నోరు మూసుకుంటుంది. ఇంట్లో మాత్రం నా మాటకు పూచికపుల్ల విలువ ఉండేది కాదు.

ఆ రోజు దవాఖాన నుంచి ఇంటికి రాగానే జర్దా డబ్బీని మోరీ కాలువలో గుమ్మరించాను. ఆకులు, వక్కలు పెట్టుకునే ఇత్తడి పాన్‌దాన్‌ను అటక ఎక్కించాను. ఆమె మంచం మీద కూర్చుని అంతా చూసింది. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

చలికాలంలో ఆపరేషన్ అయింది. ఎండలు ముదిరేసరికి కరెంటు మొదలైంది. మా దగ్గర రేడియేషన్‌ను ఎవరూ ఆ పేరుతో పిలవరు, కరెంటు పెట్టించుకోవడం అంటారు. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మేడ మీద రెండు గదులు. దవాఖానకు ఆటోలో పోతే దగ్గరే. మా ఆయనకు అబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది, పొద్దున్నే తెరవకపోతే కుదరదు. నాకు బడి సెలవులు. అందుకని ఆమెను రోజూ తీసుకుపోవడం నా పనైంది.

కరెంటు పెట్టేటప్పుడు నొప్పేమీ ఉండదు. అసలు బాధంతా తర్వాతే. కొన్ని రోజులు గడిచేసరికి నోరంతా పూసింది. నాలుక, చిగుళ్లు, గొంతు, ఎక్కడ చూసినా పచ్చి పుండ్లు. ఉమ్మి జిగురులాగా సాగేది. అన్నిటికంటే ముందు రుచి పోయింది. ఏది పెట్టినా మన్ను తిన్నట్టుందనేది. రాగిజావ చేశాను, సగ్గుబియ్యం కాచాను, పలచటి పెసరకట్టు పట్టించాను. పాలు తాగిస్తే ఉమ్మి ఇంకా చిక్కబడి గొంతులో అడ్డం పడేది. ప్రతి పూటా గిన్నె పట్టుకుని ఆమె ముందు కూర్చోవడం, ఆమె తల పక్కకు తిప్పుకోవడం, ఇదే తంతు. ఒకప్పుడు నా చేతి పులుసుకు వంకలు పెట్టి మరీ రెండోసారి పోయించుకున్న మనిషి.

ఒకరోజు డాక్టరమ్మ ఆమె బరువు చూసి, నన్ను పక్కకు పిలవకుండా ఇద్దరికీ కలిపే చెప్పింది. ఎంత మంటగా ఉన్నా సరే, రోజూ ఎంతో కొంత నోటితో మింగుతూ ఉండాలట. మింగడం మానేస్తే గొంతు ఆ పనే మరిచిపోతుందట, తర్వాత మళ్లీ నేర్పడం చాలా కష్టమట. బరువు ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపాల్సి వస్తుందని కూడా చెప్పింది. ఆమె బెదిరించలేదు, ఉన్న మాట చెప్పింది. కానీ బయట వరండాలో గొట్టంతో కూర్చున్న ఒకామెను మా అత్తమ్మ రోజూ చూస్తూనే ఉంది.

ఆటోలో ఇంటికి వచ్చాం. సందు మొదట్లో దిగుతుంటే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "గొట్టం మాత్రం ఒద్దు బిడ్డా. నా నోటితోని తిన్నన్ని దినాలే నేను."

ఆ మాటతో నాకు నిద్ర కరువైంది. ఆమె మింగాలి. ఏదో ఒకటి, ఎంతో కొంత, ప్రతి రోజూ. ఆ వేసవి అంతా నా బతుకు ఆ ఒక్క పని చుట్టూనే తిరిగింది.

దారి దవాఖానలోనే దొరికింది. నర్సు ఒకామె మంట తగ్గడానికని చిన్న ఐసు ముక్క నోట్లో పెట్టింది. అత్తమ్మ కళ్లు మూసుకుని, అది కరిగేదాకా చప్పరించి, ఆ నీళ్లను ఇబ్బంది లేకుండా మింగింది. నేను ఆమె గొంతునే చూస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను. అది కాలేజీ పిల్ల, దానికి ఫోను చూస్తే తెలియనిది లేదు. పాలు లేకుండా, ఉత్త చక్కెర పాకంలో ఏదైనా ఆకు వాసన పట్టించి గడ్డకట్టిస్తారు, దాన్ని సార్బెట్ అంటారు అని చూపించింది. హిమాయత్‌నగర్‌లో స్నేహితురాళ్లతో తిన్నదట. గాజు గిన్నెలో పచ్చటి ముద్ద, పైన పుదీనా రెమ్మ. మా ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు. ఐసుకు మేము అనే బరఫ్ అన్న మాటే దానికీ పెట్టుకున్నాం.

ఈ సంగతి ఖైరతాబాద్‌లో ఉండే మా వదినెకు, అంటే మా ఆయన అక్కకు, తెలిసింది. వెంటనే ఫోను. జబ్బు మనిషికి బరఫ్ పెడతారా, బరఫ్ వేడి చేస్తది కదా అని. ఫ్రిజ్‌లోంచి తీసింది వేడి ఎట్లా చేస్తుందో నాకీనాటికీ అర్థం కాలేదు. అయినా మా చుట్టాల్లో అది ఎదురులేని మాట. మామిడిపండు వేడి, బొప్పాయి వేడి, బరఫ్ వేడి. డాక్టరే పెట్టమన్నారు వదినే అని అబద్ధం ఆడేశాను. నర్సును డాక్టరు చెయ్యడం పెద్ద పాపమేం కాదనుకున్నాను.

మొదటిది పుదీనాతో చేశాను. చల్లగా ఉంటుంది, నోటికి హాయిగా ఉంటుంది అనుకున్నాను. గుప్పెడు ఆకు మిక్సీలో వేసి, పాకం పోసి, పుదీనా అన్నాక నిమ్మకాయ పడాలి గనక ఒక చెక్క పిండి, తిప్పి వడకట్టాను. స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. మాటిమాటికీ తీసి ఫోర్కుతో గీకాను, రాయిలా గట్టిపడకుండా. రంగు ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. మా అమ్మాయి ఫోటో తీసింది. నేను గిన్నె పట్టుకుని గర్వంగా అత్తమ్మ దగ్గరికి పోయాను.

చెంచా నోట్లో పెట్టిన మరుక్షణం ఆమె ముఖం ముడుచుకుపోయింది. రెండు చేతులతో నోరు పట్టుకుని ముందుకు వంగిపోయింది. ఉమ్మేయడానికి బేసిన్ అందించేలోపు కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. ఆ రోజు, ఆ మరునాడు కూడా మంచినీళ్ల చుక్క గొంతు దిగలేదు.

పుల్లటివి, ఘాటువి, కారం తగలనివ్వొద్దు అని దవాఖానలో ముందే చెప్పారు. నేను విన్నాను. కానీ మా ఇంట్లో నిమ్మకాయను ఎవరు పులుపు కింద లెక్కపెట్టారు? చింతపండు పులుపు. నిమ్మకాయ ఊరికే పైన పిండుకునేది. పుదీనా ఘాటని కూడా ఎన్నడూ అనుకోలేదు. అది చాలదన్నట్టు, ఆ మిక్సీ జారు ఏళ్ల తరబడి పచ్చిమిరపకాయలు నూరిన జారు. ఎంత తోమినా మూత రబ్బరులో కారం దాక్కునే ఉంటుంది. వేలు పెట్టి నాకి చూశాను. మామూలు నోటికి తెలియనంత చురుకు. పుండ్ల నోటికి అది నిప్పే. మా నాలుకలు ఎంత మొద్దుబారాయో ఆ రోజు తెలిసింది.

అబిడ్స్‌కు పోయి కొత్త జారు కొన్నాను. దాని మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకోనని ఇంట్లో చెప్పేశాను. తర్వాత ఉత్త సోంపు నీళ్లతో చేశాను. మంట పెట్టలేదు. ఒకటి రెండు చెంచాలు మింగేది, నా ముఖం చూసి మింగేది. బాగుందా అంటే బాగుంది అనేది. ఆ బాగుందిలో ఏమీ లేదు. రోజు రోజుకూ ఆ చెంచాలు తగ్గుతూ వచ్చాయి, బరువూ తగ్గుతూనే ఉంది.

దవాఖాన నుంచి వచ్చే దారిలో స్టేషన్ దగ్గర ఒక పాన్ డబ్బా కొట్టు ఉంది. ఆటో అక్కడ ఎప్పుడూ ఆగిపోతుంది, అంత రద్దీ. తడిగుడ్డ మీద పరిచిన ఆకులు, కొత్తగా కోసిన వాసన. ప్రతి రోజూ అత్తమ్మ మెడ అటే తిరిగేది. నాకు ఒళ్లు మండేది. ఇంత జరిగినా అటే చూపా అని లోపల్లోపల తిట్టుకునేదాన్ని. ఒకరోజు ఆపుకోలేక అడిగేశాను, ఇంకా దాని మీద మనసు పోలేదా అని.

ఆమె నా వైపు తిరిగింది. మాట ముద్దముద్దగా వచ్చేది, దగ్గరికి వంగి వినాలి. "జర్దా అడుగుత లేను బిడ్డా. ఈ నోరు నాది కాదనిపిస్తది. ఆకు వాసన తగిల్తె నాదే అనిపిస్తదేమో."

ఇంటికి పోయి మా ఆయనతో చెప్తే ఆయన ససేమిరా అన్నాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఆ రోజు గట్టిగానే మాట్లాడాడు. ఆకు నోటికి తగిలితే రేపు వక్క కావాలంటుంది, ఎల్లుండి జర్దా కావాలంటుంది, మళ్లీ మొదటికొస్తుంది అని. ఆయన భయం నాకూ ఉంది. ఆ డబ్బీని మోరీలో గుమ్మరించినదాన్నే నేను. కానీ గిన్నెలో కరిగిపోతున్న సోంపు బరఫ్‌ను ఎన్నిసార్లని పారబోస్తాను?

మరునాడు డాక్టరమ్మనే అడిగాను. సిగ్గుగానే అడిగాను. ఆమె నవ్వలేదు. వక్క, సున్నం, జర్దా, ఈ మూడూ ఇక జన్మలో ముట్టొద్దు అని ముందు అత్తమ్మ వైపు తిరిగి చెప్పింది. ఉత్త ఆకు నానిన నీళ్లు వడకట్టి రుచికి వాడితే ప్రయత్నించండి, కొంచెం మండినా వెంటనే ఆపెయ్యండి అంది. అత్తమ్మ చిన్నపిల్లలా తలాడించింది.

మొజంజాహి మార్కెట్‌కు పోయి తమలపాకులు కొన్నాను. ఇన్నేళ్లలో నేను నా చేత్తో ఆకులు కొనడం అదే మొదలు. ఘాటు లేనివి కావాలంటే తియ్యాకు ఇచ్చారు. ఇంటికొచ్చి కడిగి, ముక్కలు చేసి, పాకంలో వేసి పొయ్యి మీద మరగబెట్టాను. కాసేపటికి పచ్చటి ఆకు కాస్తా గోధుమరంగు తిరిగింది. వాసన చూస్తే కషాయం. జలుబు చేసినప్పుడు తాగించేది.

ఆ వాసనకు అత్తమ్మ లేచి వచ్చింది. గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చి, గిన్నెలోకి తొంగి చూసి, పీట లాక్కుని కూర్చుంది. మిగిలిన ఆకుల కట్టను ఒళ్లో పెట్టుకుంది. ఒక్కో ఆకు తీసి, రెండు వైపులా కొంగుతో తుడిచి, తొడిమ తుంచి, కొన తుంచి, వెనక్కి తిప్పి గోటితో ఈనెలు లాగడం మొదలుపెట్టింది. ఈనె చివరిదాకా తెగకుండా దారంలాగా వచ్చేది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ చేతులు దుప్పటి అంచు పట్టుకుని ఉండటమే తప్ప ఒక పని చెయ్యలేదు. నాకు వాటిని చూస్తే కోపం రావాలి, ఈ ఆకులే కదా ఇంత చేసింది. రాలేదు. ఎందుకో ఆ చేతుల మీద నాకు గొప్ప ప్రేమ కలిగింది.

చేదంతా తొడిమలో, ఈనెల్లో ఉంటుందని చెప్పింది. మంట మీద పెట్టకు, పాకం చల్లారినాక నలిపి వెయ్యి అంది. నేను కొత్త గిన్నెలో పాకం కాచి, చల్లార్చి, ఆమె ఇచ్చిన ఆకులు నలిపి వేసి మూత పెట్టాను. అది నానేంతసేపు ఇద్దరం వంటింట్లోనే కూర్చున్నాం. స్టేషన్‌లో ఏదో బండి వస్తున్నట్టు మైకులో చెప్తున్నారు. ఊరికే కూర్చోలేక అడిగాను, అసలు ఈ ఆకు ఎప్పుడు పట్టుకుంది మిమ్మల్ని అని.

మా ఆయన పుట్టినప్పుడట. కాన్పు కష్టమైందట. బాలింతకు ఆకు వెయ్యాలి గదా, వాళ్ల అత్త రోజూ అన్నం తినిపించినాక ఆకు తనే చుట్టి నోట్లో పెట్టేదట. ఆ ఇంట్లో ఆమెకు ఒకరు తినిపించింది ఆ బాలింతతనంలోనే. తర్వాత ఎవరూ నోట్లో ఏదీ పెట్టలేదు, ఆమే అందరికీ పెట్టింది. మరి జర్దా కూడా మీ అత్తే పెట్టిందా అని ఎత్తిపొడిచాను. తల అడ్డంగా ఊపింది. "గది నేనే షురూ చేసిన, పంటి నొప్పికని. మా అత్త మీద పెట్టకు."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్లూ నేను తిట్టిన ఆకు వెనక ఒక చెయ్యి ఉందని నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు గదా, తెలియడానికి.

నీళ్లు వడకట్టాక లేత పసుపు మీద కొంచెం ఆకుపచ్చ. రవ్వంత గుల్కంద్ కలిపి మళ్లీ వడకట్టాను, గులాబీ రేకుల పీచు గొంతుకు తగలకుండా. ముందు నేను నాకి, తర్వాత మా అమ్మాయికి నాకించి, కారం లేదు, పులుపు లేదు, ఘాటు లేదు అని ఖాయం చేసుకున్నాకే ఫ్రీజర్‌లో పెట్టాను. మధ్యాహ్నమంతా గీకుతూనే ఉన్నాను. సాయంత్రానికి మెత్తటి మంచులాగా తయారైంది.

మా ఆయన దుకాణం నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. అత్తమ్మ చిన్న చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. చాలాసేపు అట్లాగే ఉంచుకుంది. కళ్ల కొసల్లోంచి నీళ్లు జారాయి. మంటగా ఉందా అని కంగారుగా బేసిన్ పట్టాను. బేసిన్‌ను పక్కకు తోసి, మింగింది. చెంచాను తనే మళ్లీ గిన్నెలోకి పోనిచ్చింది. వాసన తెలుస్తుందా అని కొడుకు అడిగితే తలూపింది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

ఆ తర్వాత రోజులన్నీ సుఖంగా గడిచాయని చెప్తే అబద్ధం. కరెంటు చివరికొచ్చేసరికి బరఫ్ కూడా దిగని రోజులు వచ్చాయి. ఒక్క చెంచా కోసం ముందు మందు నీళ్లతో పుక్కిలించి, పిడికిళ్లు బిగించి, కళ్లనీళ్లతో మింగేది. ఆ చెంచా మాత్రం మానలేదు. అదే పాకంలో బలానికి డాక్టరమ్మ రాసిచ్చిన పొడి కలిపి గడ్డకట్టించేదాన్ని, ఆ ఆకు వాసన మీద అదీ దిగేది. బరువు తగ్గడం ఆగింది. గొట్టం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. జర్దా మాట ఆమె ఎత్తుతుందేమోనని మేమిద్దరం ఆమె ముఖం కనిపెట్టి చూసేవాళ్లం. ఎత్తలేదు. రోజూ ఆకుల ఈనెలు మాత్రం ఆమే తీసేది, నా చేతికి ఇచ్చేది కాదు. వదినె ఒకసారి వచ్చి, ఒక చెంచా రుచి చూసి, వేడి సంగతి మరిచిపోయి గిన్నెడు తిని పోయింది.

కరెంటు అయిపోయాక కూడా పుండ్లు వెంటనే మానలేదు. కొన్ని వారాలు పడుతుందని చెప్పారు. ఈలోగా బడి తెరిచారు, వానలు పడ్డాయి. నేను పొద్దున్నే ఆమెకు కావలసిన బరఫ్ డబ్బాలో సిద్ధం చేసి బడికి పోయేదాన్ని.

ఒకరోజు బడి నుంచి తడిసి వచ్చాను. చీరైనా మార్చుకోకుండా అలవాటు ప్రకారం ఫ్రీజర్ తీసి, గిన్నెలో బరఫ్ వేసి తీసుకుపోయాను. అత్తమ్మ మంచం మీద కూర్చుని ఉంది. గిన్నెను చూసి చేత్తో పక్కకు జరిపింది. మళ్లీ మంట మొదలైందా, మింగలేకపోతుందా అనుకున్నాను.

"బరఫ్ ఒద్దు," అంది. "ఆకలైతుంది బిడ్డా. జర అన్నం వండు."

ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఆ మనిషి నోట ఆకలి అన్న మాట వినలేదు. తినాలి గనక తినడం, మింగాలి గనక మింగడం. ఆకలి అసలు వస్తుందన్న ఆశ నేనే ఎప్పుడో వదిలేసుకున్నాను. తీరా చూస్తే ఇంట్లో అన్నం లేదు. బియ్యం కడుగుతుంటే ఆత్రంలో సగం గింజలు సింకులో పడ్డాయి. ఇట్ల కడిగితే ఒక్క మెతుకు మిగలదని అత్తమ్మ గడపలో నిలబడి వెక్కిరించింది. కుక్కర్‌లో రెండింతల నీళ్లు పోశాను. అది ఉడికేదాకా ఆమె అక్కడే కూర్చుంది, మంచం మీదికి పొమ్మంటే పోలేదు.

అన్నం మెత్తగా మెదిపి, చల్లార్చి, కమ్మటి పెరుగు కలిపాను. ఉప్పు వెయ్యాలా అంటే కొంచెం అంది. చెంచా తెస్తే వద్దంది. నేనే చేత్తో గోటంత ముద్ద చేసి ఆమె నోట్లో పెట్టాను. నెమ్మదిగా నాలుకతో తిప్పింది. ఒకసారి దగ్గు వచ్చింది, నేను బేసిన్ అందుకోబోయాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆగమంది. మింగింది. గొంతు కిందికి దిగి మళ్లీ పైకి రావడం నేను చూశాను. నేను కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నాను, ఆమె నన్ను పట్టించుకోలేదు. ఇంకో ముద్దకు నోరు తెరిచి కూర్చుంది.